రొమ్ము శస్త్రచికిత్స తరువాత ఇంటివద్ద సంరక్షణ

కృష్ణా డెల్టాలో ఏ ఊరివారికైనను పెద్ద జబ్బు అనగానే మనసునకు తోచునది బెజవాడ ప్రయాణము. బందరు, గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు, నందిగామ ప్రాంతములనుండి వచ్చినవారు గవర్నర్‌పేట, సూర్యారావుపేట వీధులలో ఆసుపత్రి బోర్డులు చదువుకొనుచు నడచుట ఇక్కడివారికి నిత్యము కనబడు దృశ్యమే. చేతిలో స్కానింగు కవరు, భుజమున గుడ్డసంచి, వెంట ఒక బంధువు. వారు ఆసుపత్రికి పోవుట అందరును చూతురు. ఆపరేషను ముగిసి ఇంటికి చేరిన పిమ్మట ఆ ఇంటిలో ఏమి జరుగుచున్నదో చూచువారు తక్కువ. శస్త్రచికిత్సకు పట్టునది రెండు మూడు గంటలు. కోలుకొనుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆ కాలమంతయు రోగి ఇంటివారి చేతులలోనే ఉండును. కనుక రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేయించుకొని వచ్చిన స్త్రీని ఇంటిలో ఎట్లు చూచుకొనవలెనో ఈ వ్యాసములో కొంత వివరింతును.

మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అనెడివారు. ఆ పేరు పలుకుటకే భయపడెడివారు. ఆ భయము నేటికిని పూర్తిగా పోలేదు. కాని జబ్బు మాత్రము అరుదైనది కాదు. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారము భారతదేశమున ఆ ఒక్క సంవత్సరములోనే సుమారు 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సరు కొత్తగా బయటపడినది. మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సర్లన్నింటిలోను ఇదియే అధికము. కనుక ఇది ఎవరో దూరపువారి సంగతి అనుకొనుటకు వీలులేదు.

మా పెద్దమ్మ కుమార్తె ఒకరు గవర్నర్‌పేటలో బీసెంటు రోడ్డుకు సమీపమున కాపురముందురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఆమెకు ఎడమ రొమ్ము తీసివేసి, నాలుగవనాడు ఇంటికి పంపిరి. ప్రక్కన ఒక గొట్టము, దాని చివర ఒక బుడ్డి, చేతిలో ఆంగ్లములో నున్న ఒక కాగితము. ఆ కాగితమును ఇంటిలో ఎవరును పూర్తిగా చదువలేదు. ప్రక్కవాటా ఆమె వచ్చి, "చేయి కదిపితే కుట్లు తెగుతాయి వదినా, అలాగే పెట్టుకో" అని చెప్పినది. వరుసకు పిన్నత్తగారు వచ్చి, పప్పు తినినచో చీము పట్టునని పప్పు మాన్పించినది. మూడు వారములు అక్కయ్య చేతిని రొమ్మున కదుముకొని, చారు అన్నముతో కాలము గడపినది. నాలుగవ వారమున తల దువ్వుకొనబోగా చేయి చెవిదాక కూడ లేవలేదు. ఆ బిగుసుకొన్న భుజమును మరల వదులు చేయుటకు నాలుగు నెలలు పట్టినది. వచ్చినవారిలో ఎవరును ఆమెకు కీడు తలపెట్టలేదు. అందరును ప్రేమతోనే చెప్పినారు. ఆ ప్రేమకు కొంచెము తెలిసిన విషయము తోడై ఉన్నచో ఆమెకు ఆ నాలుగు నెలల బాధ తప్పెడిది.

మొదట తెలిసికొనవలసినది, జరిగిన ఆపరేషను ఏదియన్నది. 1882లో అమెరికాలో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు రొమ్మును, దాని క్రింది ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను అన్నింటిని కలిపి తీసివేయు పద్ధతిని ప్రారంభించెను. సుమారు తొంబది సంవత్సరములు లోకమంతట ఆ పద్ధతియే నడచినది. 1970 దశకములో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసి అను వైద్యులు గడ్డ చిన్నదైనపుడు రొమ్మంతయు తీయనక్కరలేదని పరిశోధనలకు పూనుకొనిరి. గడ్డను, దాని చుట్టునున్న కొంత భాగమును మాత్రము తీసి, తరువాత రేడియేషను ఇచ్చినవారు రొమ్మంతయు తీయించుకొన్నవారితో సమానముగా జీవించిరని, ఇరువది సంవత్సరములు పరిశీలించిన పిమ్మట 2002లో ఇరువురును ప్రకటించిరి. అందుచేత నేడు కొందరికి రొమ్మంతయు తీయుదురు. కొందరికి గడ్డ వరకే తీయుదురు. ఛాతీ కండరములను ఇప్పుడు సాధారణముగా ముట్టుకొనరు. చంకలో కూడ కొందరికి మొదటి రెండు మూడు గ్రంథులను మాత్రము తీసి పరీక్షింతురు. జబ్బు అక్కడికి ప్రాకిన కొందరికి చాల గ్రంథులు తీయవలసివచ్చును. ఇంటికి వచ్చునప్పుడే "ఎంతవరకు తీసినారు? చంకలో గ్రంథులు ఎన్ని తీసినారు?" అని వైద్యుని అడిగి వ్రాసికొనవలెను. తరువాత తీసికొనవలసిన జాగ్రత్తలు చాలవరకు ఈ జవాబును బట్టియే ఉండును.

ఇంటివారిని ఎక్కువగా భయపెట్టునది ఆ గొట్టము. దానిని డ్రైను అందురు. రొమ్ము తీసిన చోట చర్మము క్రింద ఖాళీ ఏర్పడును; అందులో రక్తపు నీరు ఊరుట సహజము. ఆ నీరు లోపల నిలిచినచో చర్మము ఛాతీకి అంటుకొనదు. గాయము ఆలస్యముగా మానును. నొక్కి మూసిన బుడ్డి తిరిగి ఉబ్బుటకు చేయు ప్రయత్నములో ఆ నీటిని బయటకు లాగును. కనుక బుడ్డి ఎల్లప్పుడును నొక్కబడియే ఉండవలెను. అది గాలితో ఉబ్బియున్నచో పని చేయుట లేదని అర్థము. దినమునకు రెండుసార్లు, సబ్బుతో చేతులు కడుగుకొని, మూత తీసి, నీటిని కొలపాత్రలో పోసి, బుడ్డిని నొక్కిపట్టి మరల మూయవలెను. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చినదో గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో వ్రాసికొనుట సులభమైన పద్ధతి. మొదట ఎర్రగా నున్న నీరు క్రమముగా గులాబిరంగునకు, తరువాత లేత పసుపునకు మారును. ఇరువదినాలుగు గంటలలో వచ్చు నీరు సుమారు 30 మిల్లీలీటర్లకు తగ్గినపుడు సాధారణముగా గొట్టమును తీసివేయుదురు. దీనికి ఒకటి రెండు వారములు పట్టవచ్చును. అంతవరకు బుడ్డిని గాయముకంటె క్రిందుగా నుండునట్లు జాకెట్టుకో నైటీకో పిన్నీసుతో తగిలించవలెను. గొట్టము వ్రేలాడినచో తలుపు గడియకు తగిలి ఊడవచ్చును.

గొట్టము తీసిన తరువాత కొందరికి అక్కడ నీటితిత్తివలె ఉబ్బు కనబడును. ఇది ప్రమాదము కాదు. ఎక్కువైనచో వైద్యుడు సూదితో నీరు తీసివేయును. ఇంటిలో దానిని పిండరాదు. వేడి కాపడము పెట్టరాదు. ఆపరేషను జరిగిన చోట చర్మమునకు స్పర్శ తగ్గి యుండుటచేత వేడి ఎంతయున్నదో రోగికి తెలియదు, చర్మము కాలవచ్చును. గాయముపై పసుపు, కొబ్బరినూనె, ఆకుపసరు వేయుట కూడ మానవలెను. వైద్యుడు అనుమతించిన పిమ్మట సబ్బు నీటితో మెల్లగా కడిగి, మెత్తని గుడ్డతో అద్ది ఆరనిచ్చిన చాలును. మన ఎండకాలములో చెమట ఎక్కువ గనుక గాయము మడతలలో తడి నిలువకుండ చూచుట ముఖ్యము.

కొన్ని గుర్తులు కనబడినచో తెల్లవారువరకు ఆగరాదు. జ్వరము 100.4 డిగ్రీలు దాటుట, గాయము చుట్టు ఎరుపు ప్రాకుట, చీము లేక దుర్వాసన, బుడ్డి కొద్ది గంటలలో ఎర్రని రక్తముతో నిండుట, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టుట, ఆకస్మికముగా ఆయాసము లేక ఛాతీ నొప్పి కలుగుట. వీనిలో ఏది కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆపరేషను చేసిన ఆసుపత్రి ఫోను నంబరు ఇంటిలో అందరికిని కనబడు చోట వ్రాసియుంచవలెను.

ఇక పథ్యము. మన ఇండ్లలో ఆపరేషను అనగానే పప్పు, వంకాయ, గుమ్మడికాయ, పెరుగు మొదలగునవి మాన్పింతురు. పప్పు తినినచో చీము పట్టునని గట్టి నమ్మకము. చీము పట్టుటకు కారణము గాయములో చేరిన సూక్ష్మక్రిములు. పప్పునకు దానితో సంబంధము లేదు. కోసిన చర్మము, కండరము తిరిగి అతుకుకొనుటకు శరీరమునకు మాంసకృత్తులు కావలెను. శాకాహారులకు అవి లభించునది పప్పు, పాలు, పెరుగులనుండియే. వానిని మాన్పించినచో గాయము మానుటకు కావలసిన సరకును మనమే అందకుండ చేసినట్లగును. కందిపప్పు, పెసరకట్టు, మినపసున్ని, పెరుగన్నము నిర్భయముగా పెట్టవచ్చును. తినువారికి గుడ్డు, చేప మంచివి. తోటకూర, మునగాకు, జామకాయ, నిమ్మరసము రోజూ ఉండవలెను. నొప్పి మాత్రలవలన కొందరికి మలబద్ధము కలుగును. అందుకు నీరు, ఆకుకూరలు ఎక్కువగా తీసికొనవలెను. మధుమేహమున్నవారికి మాత్రము ఒక హెచ్చరిక: రక్తములో చక్కెర అదుపు తప్పినచో గాయము త్వరగా మానదు. బలము రావలెనని చుట్టములు తెచ్చు మిఠాయిలు వారికి మేలు చేయవు.

చేయి కదుపుట సంగతి అన్నింటికంటె ముఖ్యము. కుట్లు తెగునను భయముతో చేతిని కదపకయుంచినచో భుజపు కీలు బిగుసుకొనును. తరువాత రేడియేషను ఇవ్వవలసివచ్చినపుడు రోగి చేతిని తలపైకి ఎత్తి పడుకొనవలసియుండును. చేయి లేవనివారికి ఆ చికిత్స ప్రారంభించుట కష్టమగును. కనుక వ్యాయామము వైద్యములో భాగమే.

మరునాటినుండియే పిడికిలి మూసి తెరచుట, మోచేతిని మడచి చాచుట, భుజములను మెల్లగా గుండ్రముగా త్రిప్పుట ప్రారంభింపవచ్చును. నీళ్ళ గ్లాసు ఎత్తుట, అన్నము కలుపుకొనుట, పండ్లు తోముకొనుట వంటి పనులు ఆ చేతితోనే చేయనీయవలెను. గొట్టమున్నంతకాలము మాత్రము చేతిని భుజముకంటె పైకి ఎత్తరాదు. గొట్టము తీసి, వైద్యుడు సరేయనిన పిమ్మట గోడ వ్యాయామము మొదలుపెట్టవచ్చును. గోడకు ఎదురుగా నిలిచి, వ్రేళ్ళతో గోడపై చీమ ప్రాకినట్లు పైకి ప్రాకించి, నొప్పి కొంచెము తెలియగానే ఆగి, అక్కడ పెన్సిలుతో గీత గీయవలెను. మరునాడు ఆ గీతకు ఒక అంగుళము పైకి పోవుటకు ప్రయత్నింపవలెను. ఒక్కొక్క వ్యాయామము ఐదారుసార్లు, దినమునకు మూడు పూటలు చేసిన చాలును. రేడియోలో ఒక పాట ముగియునంత కాలము ఒక పూటకు సరిపోవును. నొప్పి ఎక్కువగా నున్నవారు వైద్యుడిచ్చిన మాత్రను అరగంట ముందుగా వేసికొనవచ్చును. లాగినట్లుండుట సహజము, పొడిచినట్లు నొప్పి పుట్టినచో ఆపవలెను. నీళ్ళ బిందె, గ్యాసు సిలిండరు, గ్రైండరు గిన్నె ఎత్తుట, తడి దుప్పట్లు పిండుట నాలుగైదు వారములపాటు తప్పక మానవలెను. చంటిబిడ్డను ఆ చేతితో ఎత్తుకొనరాదు; కూర్చుండి ఒడిలోనికి తీసికొనవచ్చును.

కొందరికి కొన్ని వారముల తరువాత చంకనుండి మోచేతిదాక చర్మము క్రింద తీగ లాగినట్లు కనబడును. అది చూచి జబ్బు మరల వచ్చినదని కలవరపడుదురు. గ్రంథులు తీసినపుడు అక్కడి సన్నని నాళములు గట్టిపడుటవలన ఇట్లు జరుగును. వ్యాయామముతో సాధారణముగా తగ్గును. అట్లే చేతి పైభాగమున లోపలి వైపు మొద్దుబారినట్లుండుట, తీసివేసిన రొమ్ము ఇంకను ఉన్నట్లు, అక్కడ దురద పుట్టినట్లు తోచుట కూడ చాలమందికి కలుగును. ఆపరేషనులో కొన్ని నరములు తెగుటయే కారణము. ఆ మాట చెప్పుకొన్నచో ఎవరైన నవ్వుదురేమోయని దాచుకొనువారున్నారు. నవ్వవలసినది కాదు, దాచవలసినది కాదు.

మన డెల్టావారికి బోదకాలు క్రొత్త కాదు. దోమకాటువలన శరీరములోనికి చేరిన పురుగులు రసనాళములను మూసివేయుటచే కాలిలో నీరు నిలిచి వాచును. చంకలోని గ్రంథులను తీసినపుడు చేతిలోని రసమునకు కూడ దారి తగ్గును. అందుచేత కొందరికి చేయి వాచును. ఈ వాపునకు దోమతో గాని పురుగుతో గాని పనిలేదు. కనుక బోదకాలు మాత్రలు దీనికి ఉపయోగపడవు. చంకలో గ్రంథులన్నింటిని తీసినవారిలో ఐదుగురిలో సుమారు ఒకరికి ఈ వాపు వచ్చును. రెండు మూడు గ్రంథులు మాత్రము తీసినవారికి చాల తక్కువ. నెలల తరువాతనో సంవత్సరముల తరువాతనో కూడ రావచ్చును గనుక జాగ్రత్త జీవితకాలము ఉండవలెను. కత్తిపీట ముందు, పొయ్యి ముందు ఆ చేతిని కాపాడుకొనవలెను. అంట్లు తోమునపుడు, మొక్కలకు మన్ను త్రవ్వునపుడు రబ్బరు తొడుగులు వేసికొనవలెను. చిన్న గీతయైనను వెంటనే కడిగి మందు వ్రాయవలెను. గాజులు, ఉంగరము బిగుతుగా నుండరాదు. ఉదయము వదులుగా నున్న గాజు సాయంకాలము పట్టివేసినట్లుండుటయే వాపునకు మొదటి గుర్తు. సూదిమందు, రక్తపు పోటు పరీక్ష వీలైనంతవరకు రెండవ చేతికి చేయుమని చెప్పవలెను. వాపు మొదటి దశలోనే చూపించినచో కట్టు, బిగుతు తొడుగు, ప్రత్యేక మర్దనలతో అదుపులో నుంచవచ్చును. ఆలస్యమైనకొలది గట్టిపడును.

దుస్తుల విషయములో మన అలవాటు కొంత మేలే చేయుచున్నది. ముందువైపు హుక్కులున్న జాకెట్టు తొడుగుకొనుటకు చేయి పైకెత్తనక్కరలేదు. ఎడమవైపు ఆపరేషను అయినవారు కొంతకాలము జరీ చీరలు, బరువైన పవిట మాని, మెత్తని నూలు చీరయో వదులు నైటీయో కట్టుకొనవలెను. రొమ్మంతయు తీసినవారు గాయము మానువరకు మెత్తని దూదితో కుట్టిన గుడ్డతిత్తిని లోపల నుంచుకొనవచ్చును. సాధారణముగా ఆరు నుండి ఎనిమిది వారముల తరువాత సిలికానుతో చేసిన కృత్రిమ స్తనమును ధరింపవచ్చును. అది పైరూపముకొరకే కాదు. ఒకవైపు బరువు తగ్గినచో భుజము, వెన్ను ఒక ప్రక్కకు ఒరుగును. ఆ సమతూకమునకు కూడ అది అవసరము. అయినను ధరించుటయు మానుటయు ఆమె ఇష్టమే.

శరీరపు గాయముకంటె మనసులోని గాయము నెమ్మదిగా మానును. మొదటిసారి కట్టు విప్పి అద్దములో చూచుకొను దినము కష్టమైనది. ఆ సమయమున భర్త గాని, అక్కచెల్లెండ్రు గాని ప్రక్కన నుండుట మంచిది. "ప్రాణము దక్కినది, చాలదా?" అనుట ఓదార్పు కాదు. ఆమె ఏడ్చుటకు కారణమున్నదని ఒప్పుకొనుట ఓదార్పు. ఇది అంటువ్యాధి కాదు. పిల్లలు కౌగిలించుకొనవచ్చును, ఒకే కంచము, ఒకే ప్రక్క వాడవచ్చును. కుమార్తెల సంబంధములు చెడునేమోయని జబ్బును దాచు కుటుంబములు నేటికిని ఉన్నవి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యముగా వచ్చునవి నూటికి ఐదు నుండి పది వరకే. దాచుటవలన అక్కచెల్లెండ్రు, కుమార్తెలు సకాలమున పరీక్ష చేయించుకొను అవకాశము పోవును. పరామర్శకు వచ్చువారు కూడ, ఈ జబ్బుతో మరణించినవారి కథలు ఆమె మంచము ప్రక్క కూర్చుండి చెప్పకుందురుగాక.

ఈ జబ్బును దాటినవారు ఇతరులకు చేసిన మేలు చిన్నది కాదు. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అను స్త్రీ తనకు ఆపరేషను అయిన పిమ్మట, అట్టి ఆపరేషనే అయిన ఇతర స్త్రీలను చూడబోయి ధైర్యము, వ్యాయామము చెప్పుట ప్రారంభించెను. చెల్లెలిని క్యాన్సరుకు పోగొట్టుకొన్న డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి కృషివలన 1954లో మద్రాసు అడయారులో వెలసిన క్యాన్సరు ఆసుపత్రికి తెలుగువారెందరో పోయిరి. హైదరాబాదులో డాక్టరు రఘురామ్, ఈ జబ్బు సోకిన తన తల్లి ఉషాలక్ష్మి పేరిట 2007లో సంస్థ స్థాపించి, ఈ విషయమును బహిరంగముగా మాటలాడుట అలవాటు చేసినారు. మీ వీధిలో ఈ జబ్బును దాటిన స్త్రీ యుండినచో, కొత్తగా ఆపరేషను అయినవారి ఇంటికి ఆమెను పిలువుడు. ఆమె ఒక గంట కూర్చుండి చెప్పినది మన మాటలన్నింటికంటె ఎక్కువగా పని చేయును.

ఆపరేషనుతో చికిత్స ముగిసినదని అనుకొనరాదు. తీసిన భాగమును పరీక్షించిన నివేదిక కొన్ని దినములకు వచ్చును. గడ్డ ఎంత, గ్రంథులలో ఉన్నదా, హార్మోనులకు లోబడునదా అన్న సంగతులు అందులో ఉండును. దానిని బట్టి కీమోథెరపీ, రేడియేషను, హార్మోను మాత్రలు నిర్ణయింతురు. టామాక్సిఫెన్ వంటి మాత్రలు కనీసము ఐదు సంవత్సరములు వాడవలసియుండును. బాగున్నదని మధ్యలో మానుట ప్రమాదము. ఖర్చునకు జంకి చికిత్స ఆపువారు ఒక సంగతి గమనింపవలెను. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడచుచున్న ప్రభుత్వ పథకములో అర్హతగల కుటుంబములకు క్యాన్సరు చికిత్సలు చేరియున్నవి. ఆసుపత్రిలోని పథకపు సహాయకుని అడుగవలెను. కాగితములన్నియు తేదీల వరుసలో ఒకే ఫైలులో నుంచవలెను. మొదటి సంవత్సరములలో మూడు నుండి ఆరు నెలలకొకసారి వైద్యునికి చూపించుకొనుట, ఏటేట మమోగ్రామ్ తీయించుకొనుట మరువరాదు.

మా అక్కయ్య ఇంటి హాలు గోడమీద పెన్సిలు గీతలు ఇప్పటికిని ఉన్నవి. క్రింది గీత ఆమె భుజము ఎత్తున ఉన్నది. పై గీత కిటికీ పైకమ్మి దగ్గర ఉన్నది. నడుమ నున్నవి నాలుగు నెలల గీతలు. మొన్న సున్నము వేయించినపుడు ఆ గోడ భాగమును వదలివేయుమని పనివారికి చెప్పినదట. ఇటీవల వారి వీధిలో మరియొక ఇంటివారికి ఇట్టి ఆపరేషనే జరిగినది. అక్కయ్య నాలుగవనాడే అక్కడికి పోయి, క్యాలెండరు గడిలో డ్రైను లెక్క వ్రాయుట నేర్పి, గిన్నెడు ముద్దపప్పు ఇచ్చి వచ్చినది.